తలుపు అనే ఇంటిపేరు

ఏ దరఖాస్తు పత్రం తీసికొన్నా మొదటి గడిలో అడిగేది పేరు. ఆ ప్రక్క గడిలో అడిగేది ఇంటిపేరు. తెలుగువారికి ఈ వరుస తలక్రిందులుగా తోస్తుంది. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరువాత. పెళ్ళిపందిట్లో క్రొత్తవాడు కనిపిస్తే పెద్దలు ముందుగా అడిగేది "ఎవరింటివాడవు నాయనా?" అనే. ఆ తరువాతనే పేరు. మనిషికన్న ఇల్లు ముందు పుట్టినదనీ, ఆ ఇంట్లోకి మనిషి తరువాత వచ్చాడనీ చెప్పకనే చెప్పే వరుస ఇది.

ఆ ఇల్లు ఎక్కడిదో ఇంటిపేరే చాలాసార్లు చెబుతుంది. 1848లో రాజమహేంద్రవరంలో పుట్టిన వీరేశలింగం పంతులుగారి ఇంటిపేరులో దక్షిణాన ఎక్కడో ఉన్న కందుకూరు నిలిచిపోయింది. అప్పారావుగారు విజయనగరంలో జీవించినా కృష్ణా జిల్లాలోని గురజాడ ఆయన పేరుకు ముందు నడిచింది. కరణం, పురాణం, భాగవతుల వంటివి వృత్తినిబట్టి వచ్చినవి. ఎవరో ఒక పూర్వుడు ఊరు విడిచి వెళ్ళాడు. క్రొత్త ఊరివారు అతనిని పాత ఊరి పేరుతో పిలిచారు. ఆ పిలుపు అతని సంతతికి అంటుకొన్నది. అంటే ఇంటిపేరు మనం ఎంచుకొన్నది కాదు, ఇతరులు మనకు పెట్టినది. పెట్టిన పేరు మాత్రం మనం ఎంచుకొన్నదా? అదీ కాదు. బారసాలనాడు బియ్యంలో పేరు వ్రాసిన చేయి మనది కాదు.

అయితే, తన ఇంటిపేరును తానే ఎంచుకొనవలసి వచ్చిన ఒక తరం మన దేశంలోనే, మనకు ఎంతో దూరంకాని ఒక పట్టణంలో ఉండేది. "నీకు, నీ సంతతికి శాశ్వతంగా ఉండే పేరు ఏది కావాలో నీవే చెప్పు" అని ప్రభుత్వం అడిగితే, కాగితం ముందు కూర్చుండి ఆలోచించిన మనుషులు వారు. పేర్ల వెనుక కథలు చెప్పుకొనే ఈ శీర్షికలో ఈసారి వారి కథ. ఊరు పుదుచ్చేరి.

ముందుగా ఊరి పేరే చూడండి. 'పుదు' అంటే క్రొత్త, 'చేరి' అంటే జనం నివసించే పేట. క్రొత్తపేట అన్నమాట. ఫ్రెంచివారి నోట అది పొందిషేరీ, ఇంగ్లీషువారి నోట పాండిచ్చేరి అయినది. 2006లో ప్రభుత్వం పాత రూపాన్నే అధికారనామంగా తిరిగి స్వీకరించింది. ఊరి పేరు కూడా పాలకుల చేతిలో పడి, వంగి, మళ్ళీ నిటారుగా నిలబడినదన్న సంగతి ఈ కథకు మంచి మొదలు.

ఈ పట్టణపు పాత చరిత్రలో అందరికంటె ప్రసిద్ధమైన పేరు ఆనందరంగ పిళ్ళై. 1709లో పుట్టి, దూప్లే గవర్నరుగా ఉన్న కాలంలో ఫ్రెంచివారికి ముఖ్య దుబాసీగా పనిచేసిన వర్తకుడు. 1736 నుండి తాను చూచినవీ విన్నవీ తమిళంలో దినచర్యగా వ్రాసిపెట్టాడు. 1761 జనవరిలో ఆయన మరణించగా, ఆ నెలలోనే పట్టణం ఇంగ్లీషువారి వశమైనది. మన సాహిత్యానికీ ఆయనతో బంధుత్వం ఉన్నది. కస్తూరి రంగకవి రచించిన తెలుగు లక్షణగ్రంథం 'ఆనందరంగరాట్ఛందము' ఈయన పేరుతోనే వెలసినది.

ఈ పేరును విడదీసి చూడండి. 'రంగ' శ్రీరంగంలోని దేవుడు. 'ఆనంద' ఆ దేవునికి చేర్చిన విశేషణం. తండ్రి పేరు తిరువేంగడం, అంటే మన తిరుమల కొండ. తండ్రి పేరులో ఒక క్షేత్రం, కొడుకు పేరులో మరొక క్షేత్రం. మరి ఇంటిపేరు? లేదు. చివరనున్న 'పిళ్ళై' ఇంటిపేరు కాదు. అది బిడ్డ అనే అర్థంగల మాట. మన 'పిల్ల'కు దగ్గరి చుట్టం. గౌరవవాచకంగా వేలాది కుటుంబాల పేర్ల చివర నిలిచిన బిరుదు అది. మన నాయుడు, రెడ్డి, శెట్టి వంటిదే. దానినిబట్టి మనిషి ఏ కులపు వరుసలో నిలబడతాడో తెలుస్తుందిగాని ఏ ఇంటివాడో తెలియదు. ఇన్ని సంపుటాల దినచర్యకు కర్త అయిన ఆ పెద్దమనిషికి మన అర్థంలో ఇంటిపేరే లేదు!

తమిళదేశపు వాడుక ఇది. తండ్రి పేరే కొడుకు పేరుకు ముందు నిలుస్తుంది. దానినే ఒక్క అక్షరానికి కుదిస్తారు. ముత్తు కొడుకు కణ్ణన్ అయితే అతడు 'ము. కణ్ణన్'. కణ్ణన్ కొడుకు వేలు అయితే అతడు 'క. వేలు'. తాతకు, మనుమనికి మధ్య ఒక్క అక్షరమైనా మిగలదు. కుటుంబాన్ని ఎరిగినవారికి ఇందులో చిక్కు లేదు. వీధివారందరికీ ఎవరు ఎవరి మనుమడో తెలుసు. తెలియనివాడు ఒక్కడే: దొడ్డ పుస్తకం ముందు పెట్టుకొని కూర్చున్న సర్కారు గుమాస్తా.

అందులోనూ ఆ గుమాస్తా ఫ్రెంచి ప్రభుత్వపు గుమాస్తా అయితే చిక్కు రెట్టింపు. పేర్ల విషయంలో ఫ్రెంచివారికి గట్టి పట్టింపు ఉండేది. విప్లవకాలంలోనే, 1794లో, జననపత్రంలో ఉన్న పేరు తప్ప మరొక పేరు ఏ పౌరుడూ ధరించరాదని చట్టం చేశారు. 1803లో వచ్చిన మరొక చట్టం పెట్టుకొనే పేరుకు కూడా హద్దులు గీసింది: పంచాంగాలలో వాడుకలో ఉన్న పేర్లు, ప్రాచీన చరిత్రలోని ప్రసిద్ధుల పేర్లు మాత్రమే పెట్టవలెనని. 1808లో నెపోలియన్ తన రాజ్యంలోని యూదులందరూ స్థిరమైన ఇంటిపేర్లు తీసికొనవలెనని శాసించాడు. పేరు స్థిరంగా ఉంటేనే పెళ్ళి, వారసత్వం, పన్ను, సైన్యసేవ అన్నీ లెక్కకు వస్తాయన్నది వారి తర్కం. ఇటువంటి ప్రభుత్వం, తరతరానికీ మారిపోయే పేర్లుగల ప్రజలను పాలిస్తున్నది.

అయినా చాలాకాలం ఎవరి మానాన వారు ఉండిపోయారు. భారతీయుల పెళ్ళిళ్ళు, ఆస్తి పంపకాలు వారి వారి ధర్మశాస్త్రాలు, కులాచారాల ప్రకారమే సాగనిచ్చారు. దీనికి 'వ్యక్తిగత ప్రతిపత్తి' అని పేరు. ఈ ఏర్పాటులో మర్యాద ఉన్నది. ఒక మెలిక కూడా ఉన్నది. ఆచారం నీది నీకే వదిలాము గనుక హోదా మాది మాకే అన్నది ఆ మెలిక.

ఆ మెలికమీద కాలు పెట్టినవాడు పొన్నుతంబి పిళ్ళై అనే న్యాయవాది. కాలు పెట్టాడనడం ఉపమానం కాదు. 1873లో ఆయన ఐరోపా పద్ధతిలో మేజోళ్ళు, బూట్లు తొడిగికొని పుదుచ్చేరి న్యాయస్థానంలోకి అడుగుపెట్టాడు. భారతీయుడైన న్యాయవాది ఆ వేషంతో న్యాయస్థానానికి రావడం అవిధేయత అని న్యాయాధికారి భావించి ఆయనను వాదించనీయలేదు. పొన్నుతంబి ఊరుకోలేదు. వ్యాజ్యాన్ని పారిస్‌లోని అత్యున్నత న్యాయస్థానం దాకా తీసికొనిపోయాడు. అక్కడ ఆయనకే న్యాయం జరిగింది. ఒక జత బూట్లు సముద్రాలు దాటి తిరిగివచ్చాయి.

అయితే బూట్లతో తీరేది కాదు ఆ ప్రశ్న. ఈవేళ బూట్లు, రేపు ఆసనం, ఎల్లుండి ఓటు. ఒక్కొక్క దానికి పారిస్ దాకా వెళ్ళవలసినదేనా? ఫ్రెంచివారితో సమానమైన హక్కు కావాలంటే ఫ్రెంచివారి పౌరస్మృతికే లోబడి ఉంటామని చెప్పడం ఒక మార్గం. ఆ మార్గానికి పొన్నుతంబి, ఆయన మిత్రులు పట్టుబట్టారు. 1881 సెప్టెంబరు 21వ తేదీన వెలువడిన శాసనంతో అది సిద్ధించింది. ఇరవైయొక్క ఏండ్లు నిండిన భారతీయులెవరైనా, స్త్రీలుగాని పురుషులుగాని, ఏ కులమైనా ఏ మతమైనా, తమ వ్యక్తిగత ప్రతిపత్తిని వదులుకొంటున్నామని అధికారి ఎదుట ప్రకటించవచ్చును. అప్పటినుండి వారికీ, వారి మైనరు బిడ్డలకూ ఫ్రెంచి పౌరస్మృతి వర్తిస్తుంది. ఒకసారి వదులుకొన్నది మరి తిరిగి తీసికొనడానికి వీలులేదు. ఇలా వదులుకొన్నవారిని 'రెనోన్సాన్లు' అన్నారు. పరిత్యాగులు అని మనం చెప్పుకోవచ్చును.

ఆ శాసనంలోనే మన కథకు మూలమైన నిబంధన ఉన్నది. ప్రకటన చేసేవారు తమకూ తమ సంతతికీ ఏ ఇంటిపేరు తీసికొంటారో ఆ పత్రంలోనే తెలుపవలెను.

ఇప్పుడు ఆ మనిషి స్థానంలో మిమ్ములను ఊహించుకొనండి. బల్లమీద పత్రం ఉన్నది. అందులో ఒక ఖాళీ. ఆ ఖాళీలో మీరు వ్రాసే మాట మీ కొడుకుకు, మనుమనికి, ఇంకా పుట్టని మునిమనుమరాలికి అంటుకొంటుంది. మార్చడానికి లేదు. తాతల ఊరు వ్రాస్తారా? తండ్రి పేరు వ్రాస్తారా? ఇష్టదైవం పేరా? లేక ఇంతవరకూ మీ వంశంలో ఎవరూ పలుకని మాట ఒకటి వ్రాస్తారా?

పొన్నుతంబి వ్రాసిన మాట 'లాపోర్త్'. ఫ్రెంచిలో తలుపు, ద్వారం అని అర్థం. ఫ్రాన్సులో ఇది ఉన్న ఇంటిపేరే. మన పట్టణంలో వాకిటి, గడప వంటి ఇంటిపేర్లవారు ఉన్నట్లు. కాని ఏ ద్వారం ముందు తనను ఆపివేశారో ఎరిగిన న్యాయవాది ఆ మాట ఎంచుకొన్నాడంటే అర్థం చెప్పడానికి నిఘంటువు అక్కరలేదు. తాను తెరిచిన తలుపునే తన పేరు చేసికొన్నాడు.

పాత పేరునూ ఒకసారి చూద్దాం. తమిళంలో 'పొన్ను' అంటే బంగారం. మనకూ ఆ మాట క్రొత్తది కాదు; రోకలి చివర బిగించే లోహపు కడియాన్ని మన ఇండ్లలో పొన్ను అనే అంటారు. 'తంబి' మన తమ్ముడే. పొన్నుతంబి అంటే బంగారు తమ్ముడు. తల్లి ముద్దుగా పిలిచే పేరు. దాని ప్రక్కన, కులగౌరవాన్ని చాటే 'పిళ్ళై'. ఇప్పుడు 'పిళ్ళై' ఉన్నచోట 'లాపోర్త్' వచ్చి కూర్చున్నది. ముద్దుపేరు నిలిచింది, బిరుదు తొలగింది. ఆ ఒక్క మార్పులోనే ఆ ఉద్యమ సారమంతా ఉన్నది. చివరి మాట విని మనిషి మెట్టు తెలిసికొనే అలవాటున్న సమాజంలో, ఏ మెట్టూ చెప్పని మాటను ఆయన తన పేరు చివర నిలిపాడు.

ఇంటిపేరు కాకున్నా కులబిరుదును వదులుకొనవలెననే పిలుపు తమిళదేశంలో పెద్ద ఎత్తున వినిపించినది 1929లో, చెంగల్పట్టులో జరిగిన ఆత్మగౌరవ మహాసభలో. పుదుచ్చేరి కాగితాలలో ఆ పని దానికి నలుబదియెనిమిది ఏండ్ల ముందే మొదలయినది. దారి మాత్రం వేరు. చెంగల్పట్టులో బిరుదును తీసివేసి ఆ చోటు ఖాళీగా వదిలారు. పుదుచ్చేరిలో ఆ చోట మరొక మాట పెట్టవలసి వచ్చింది.

అందరూ లాపోర్త్ వలె ఫ్రెంచి మాటలే తీసికొనలేదు. పుదుచ్చేరి కుటుంబనామాలను గమనిస్తే రెండు తెగలుగా కనిపిస్తాయి. ఒకటి అచ్చమైన ఫ్రెంచి పేర్లు. రెండవది మన పేర్లే, ఫ్రెంచి అక్షరాలలో గడ్డకట్టి ఇంటిపేర్లుగా మారినవి. రెండవ తెగను పోల్చుకొనడానికి కొంచెం కన్ను అలవాటు కావాలి. 'ఉ' అనే అచ్చుకు ఫ్రెంచివారు రెండు అక్షరాలు, 'ఓ', 'యూ' కలిపి వ్రాస్తారు. అందుచేత నాయుడు ఇంగ్లీషు కాగితంలో ఒక రూపంలో, ఫ్రెంచి కాగితంలో మరొక రూపంలో కనిపిస్తాడు. రెండు అచ్చుల నడుమ ఒంటి 'ఎస్' అక్షరం ఉంటే ఫ్రెంచివారు దానిని 'జ' ధ్వనికి దగ్గరగా పలుకుతారు. రామస్వామి రామజామి కాకుండా ఉండాలంటే ఆ అక్షరం రెండుసార్లు వ్రాయాలి. 'పిళ్ళై' ఏకంగా 'పుల్లే' అయినది.

ఉదాహరణకు, హిందూ ధర్మశాస్త్రంమీద ఫ్రెంచిలో గ్రంథం వ్రాసి, తిరుక్కురళ్‌ను ఫ్రెంచిలోకి అనువదించిన పుదుచ్చేరి న్యాయశాస్త్రవేత్త జ్ఞానూ త్యాగు. ఫ్రెంచి లిపిలో ఈ పేరు చూచినవారు ఏ దేశస్థుడో అని తికమకపడతారు. నిదానంగా పలికితే లోపల జ్ఞానమూ త్యాగమూ రెండూ ఉన్నాయి. మన దేశవైద్యంమీద ఫ్రెంచిలో గ్రంథాలు వ్రాసిన వైద్యుడు పరమానంద మరియదాసు. ఇందులో ముందుమాట ఉపనిషత్తులది, వెనుకమాట క్రైస్తవులది. 'మరియమ్మకు దాసుడు' అనే పేరు మన కోస్తా జిల్లాల క్రైస్తవ కుటుంబాలకూ పరిచితమే.

ఇంత చేసి పరిత్యాగులకు దక్కినదేమిటి? న్యాయంగా లెక్క చూడవలసిన చోటు ఇదే. మొదట తలుపు తెరచుకొన్నది. 1884లో ఓటర్లను మూడు జాబితాలుగా విభజించి ఐరోపావారికి ఒకటి, పరిత్యాగులకు ఒకటి, తక్కిన భారతీయులకు ఒకటి ఏర్పరచారు. సంఖ్యలో తక్కువైనా పరిత్యాగులకు తమదైన జాబితా లభించింది. పేద కులాలవారు, క్రైస్తవులు ఎందరో అటు నడిచారు. దీనిని వ్యతిరేకించినవారూ బలవంతులే. అప్పటి పుదుచ్చేరి రాజకీయాలను తన పిడికిటిలో ఉంచుకొన్న షణ్ముగ వేలాయుద మొదలియార్ ఆచారపక్షానికి నాయకుడు. ధర్మశాస్త్రాన్ని, ఉమ్మడి కుటుంబాన్ని, తాతలనాటి కట్టుబాట్లను ఒక్క సంతకంతో విడిచిపెట్టడం ఆ పక్షంవారికి ఆత్మహత్యగా తోచింది. ఆ భయాన్ని కేవలం మూఢత్వమని తోసివేయరాదు. పరిత్యాగం మరలిరాని మార్గం. తండ్రి చేసిన సంతకం మైనరు బిడ్డలనూ కట్టివేస్తుంది.

పదిహేను ఏండ్లు తిరిగేసరికి తలుపు సగం మూతపడింది. 1899లో పరిత్యాగుల జాబితాను తీసివేసి, ప్రత్యేకమైన అర్హతలున్న కొద్దిమందిని తప్ప మిగిలినవారినందరినీ భారతీయుల జాబితాలోనే కలిపివేశారు. పేరు మార్చుకొన్నారు, స్మృతి మార్చుకొన్నారు, ఓటుదగ్గర మాత్రం మొదటి చోటికే వచ్చి నిలబడ్డారు. ఇంట్లోనూ అంతే. పేరునుండి కులం జారిపోయినా పెళ్ళి సంబంధాలు చాలావరకు పాత వలయాలలోనే సాగాయి. ఇంటిపేరు చెప్పనిదానిని ఇరుగుపొరుగు చెప్పుకొన్నారు. ఒక మాట మార్చినంతమాత్రాన లోకం మారదు. కాని ఆ మాట మార్చకుండా లోకాన్ని మార్చమని అడగడమూ కష్టమే.

ఇదే పోరాటం సముద్రానికి ఆవల కూడా జరిగింది. ఫ్రెంచి దీవుల చెరకుతోటలకు మన కూలీలు వెళ్ళారు. 1828లోనే యానాం నుండి తెలుగు కూలీలు ఈనాటి రీయూనియన్ అయిన బూర్బోన్ దీవికి ఓడ ఎక్కారు. కరిబియన్ సముద్రంలోని గ్వాడలూప్ దీవిలో, భారతీయ కూలీల బిడ్డగా 1863లో పుట్టిన హెన్రీ సిదంబరం అనే ఆయన, అక్కడ పుట్టిన భారతీయ సంతతికి ఓటుహక్కు ఉన్నదని 1904 నుండి 1923 వరకు న్యాయస్థానాలలో పోరాడి గెలిచాడు. ఆయన ఇంటిపేరు మరేమిటో కాదు, మన చిదంబరమే. అక్కడ పేరు మార్చుకొనే అవసరం రాలేదు. తమిళదేశపు గుడి పేరును వీపున మోసికొనే ఫ్రెంచి పౌరసత్వం అడిగాడు. పొన్నుతంబి క్రొత్త పేరుతో తట్టిన తలుపునే సిదంబరం పాత పేరుతో తట్టాడు.

ఇక తిరిగి పుదుచ్చేరి వీధులలోకి వద్దాం. ప్రభుత్వం అడగకపోయినా పేర్లు పుట్టిన తీరులు అక్కడ మరికొన్ని ఉన్నాయి. ఒకప్పుడు కోమటి చెట్టి వీధి అని పిలిచిన వీధిలో శంకర చెట్టి అనే వర్తకుని ఇల్లు ఉన్నది. 1910 ఏప్రిల్ 4వ తేదీన పుదుచ్చేరి చేరిన శ్రీ అరవిందులకు ఆ అక్టోబరు వరకు ఆశ్రయమిచ్చిన ఇల్లు అదే. ఆ వంశపు పేరు ఫ్రెంచి కాగితాలలో 'కల్వే'. మిషన్ వీధిలోని ప్రసిద్ధమైన పాత విద్యాలయానికి ఉన్నదీ ఆ పేరే. చూడబోతే ఏ ఫ్రెంచి ప్రభువు పేరో అనిపిస్తుంది. తమిళులు దానినే 'కలవై' అని వ్రాస్తారు. ఆర్కాటు ప్రాంతంలో కలవై అనే ఊరు ఉన్నది. కందుకూరివారికి కందుకూరు ఎలాగో అలాగే! ఫ్రెంచి అంగరఖా తొడిగికొన్న మన పాత ఇంటిపేరు పద్ధతే అది.

మరొక పేరు గురుభక్తినుండి పుట్టింది. 1891లో ఈ పట్టణంలో కనకసభై అనే వర్తకునికి పుట్టిన కొడుకు సుబ్బురత్నం. తండ్రి పేరులోని మొదటి మాట కలిపి కనక సుబ్బురత్నం. తమిళ ఉపాధ్యాయుడైనాడు. 1908 నుండి 1918 వరకు సుబ్రహ్మణ్య భారతి ఇక్కడ తలదాచుకొన్న కాలంలో ఆయనకు శిష్యుడైనాడు. కవిగా తన పేరు 'భారతిదాసన్' అని పెట్టుకొన్నాడు. భారతికి దాసుడు. 'భారతి' కూడా తండ్రి ఇచ్చిన పేరు కాదు. ఎట్టయపురంలో పిన్నవయసులో కవిత్వానికి దక్కిన బిరుదు. ఈ వంశవృక్షంలో రక్తసంబంధం లేదు. విద్యయే వంశం. తలుపు పేరు పెట్టుకొన్న న్యాయవాది ఊరిలోనే, దాసుడని పేరు పెట్టుకొన్న ఈ కవి ఎవరికీ తలవంచని స్వభావంతో జీవించడం గమనింపదగినది.

పుదుచ్చేరి పాలనలో చేరిన మన తెలుగు యానాంను విడిచిపెడితే ఈ కథ పూర్తికాదు. 1954 జూన్ 13వ తేదీన యానాంను ఫ్రెంచి పాలననుండి తప్పించిన ఉద్యమానికి నాయకుడు దడాల రఫేల్ రమణయ్య. ఈ పేరు మూడు పొరలది. ముందు గోదావరి గాలి పీల్చిన తెలుగు ఇంటిపేరు. నడుమ దేవాలయంలో జ్ఞానస్నానంనాడు ఇచ్చిన దేవదూత పేరు. చివర ఏ తెలుగు అరుగుమీదనైనా వినబడే రమణయ్య. ఫ్రెంచి ప్రభుత్వం కొలువులో పనిచేసిన ఆ మనిషే ఆ ప్రభుత్వాన్ని ఎదిరించాడు. ఆయన ఏ పొరనూ ఒలిచి పారవేయలేదు. మూడూ తనవే అనుకొన్నాడు.

ఆ సంవత్సరమే, నవంబరు 1వ తేదీన, పుదుచ్చేరి పాలన భారతదేశానికి వచ్చింది. 1956లో కుదిరిన ఒప్పందం 1962 ఆగస్టు 16వ తేదీన పూర్తిగా అమలుకు వచ్చింది. అప్పుడు మళ్ళీ ఒక కాగితం బల్లమీదికి వచ్చింది. ఆ ఒప్పందం వర్తించే జనం సామాన్యంగా భారత పౌరులవుతారు. ఫ్రెంచి పౌరసత్వమే కావాలనుకొన్నవారు ఆరు నెలలలోగా వ్రాతపూర్వకంగా చెప్పవలెను. తాతలు 1881 తరువాత పేరు ఎంచుకొన్నట్లే మనుమలు ఇప్పుడు దేశం ఎంచుకొనవలసి వచ్చింది. ఒకే వీధిలో, ఒక్కొక్కప్పుడు ఒకే చుట్టరికంలో, కొందరు ఇటు, కొందరు అటు అయ్యారు. తాత ఒక ఖాళీలో వ్రాసిన మాట ఎనుబది ఏండ్ల తరువాత ఎంత దూరం నడిచిందో చూడండి.

పేరు ఎంచుకొమ్మని ప్రజలను అడిగిన ప్రభుత్వాలు ఇంకా ఉన్నాయి. 1934లో టర్కీ దేశం పౌరులందరూ ఇంటిపేరు తీసికొనవలెనని చట్టం చేసింది. వారి నాయకుడు ముస్తఫా కెమాల్‌కు పార్లమెంటే 'అతాతుర్క్', అంటే తురుష్కుల తండ్రి, అని పేరు ఇచ్చింది. అక్కడ నాయకునికి జాతి పేరు పెట్టింది. పుదుచ్చేరిలో సామాన్యుడు తనకు తానే పేరు పెట్టుకొన్నాడు. రెండింటిలో ఏది గొప్పదని తూకం వేయనక్కరలేదు. రెండవదానిలో ఒక మనిషి ఒంటరిగా కూర్చుండి తన బ్రతుకును ఒక్క మాటలో చెప్పుకొనవలసి వచ్చిన ఘడియ ఉన్నది. అది మనబోటివారికి దొరకదు.

మనకు దొరికినది వేరొకటి. మన ఇంటిపేర్లు మనం అడగకుండానే వచ్చాయి. అందుచేత వాటిని ప్రశ్నించకుండానే మోస్తున్నాము. మీ ఇంటిపేరు ఏ ఊరిదో, ఏ వృత్తిదో, ఏ పూర్వుని మాటనుబట్టి వచ్చినదో ఇంట్లో ఎవరికి తెలుసు? తెలిసిన పెద్దవారు ఉంటే ఈ ఆదివారమే అడిగి ఒక పుస్తకంలో వ్రాసిపెట్టుకొనండి. తాత చెప్పినది తండ్రి మరిచిపోతాడు. తండ్రి మరిచినదానిని కొడుకు అడగనైనా అడగడు. చివరకు పేరు మిగిలి కథ పోతుంది. పుదుచ్చేరి పరిత్యాగుల మనుమలకు కనీసం ఒక పత్రం ఉన్నది: ఫలానా సంవత్సరంలో, ఫలానా మనిషి, ఈ మాటను తనదిగా చేసికొన్నాడు అని.

తలుపుకు ఒక గుణం ఉన్నది. తీసినవాడు లోపలికి పోతాడు. కాని ఏ ఇంటినుండి వచ్చాడో ఆ ఇల్లు వెనుక నిలిచే ఉంటుంది. పొన్నుతంబి లాపోర్త్ అని సంతకం చేసినప్పుడు మొదటి మాట తల్లి పెట్టినది, రెండవది తాను పెట్టుకొన్నది. ఆ రెంటి మధ్య కలం ఎత్తి దించినంత ఖాళీయే ఉన్నది. ఆ ఖాళీలో తాను నిలబడి, మొదటిదానిని చెరిపివేయకుండా రెండవది వ్రాశాడు.